రాజ్యాంగంలో ఉప్పు

బేకరీ వెనక గది,
పిండి బస్తాల మీద నుంచి

అక్కా,

నీ తమ్ముడు అధ్యక్షుడయ్యాడు. నవ్వకు. నువ్వు నవ్వుతున్నావని ఇక్కడికి తెలుస్తూనే ఉంది.

యజమాని గారికి ఓపిక అయిపోయింది. బేకరీ అమ్మేస్తే కొన్నవాడు పొయ్యి కూలగొట్టి దుకాణాలు కట్టేస్తాడని ఆయన బెంగ. పనివాళ్ళంతా సంఘంగా ఏర్పడితే మీకే అప్పగిస్తాను అన్నాడు. ఏర్పడ్డాం. పగటి డ్యూటీవాళ్ళకు రాత్రి డ్యూటీవాళ్ళ మీద నమ్మకం లేదు, వాళ్ళిద్దరికీ బండ్ల మీద ఊరంతా బ్రెడ్డు వేసేవాళ్ళ మీద నమ్మకం లేదు. ఎవరితోనూ గొడవ పడనివాణ్ణి నేనొక్కణ్ణే కాబట్టి నన్ను ఎన్నుకున్నారు. బాబాయి మాత్రం చెయ్యి ఎత్తలేదు. "వీడికి పిండి పిసకడమే సరిగ్గా రాదు, ఇంతమందిని ఏం నడుపుతాడు?" అన్నాడు అందరి ముందూ. ఆయన సంగతి నీకు తెలుసుగా, పొయ్యి మూతి దగ్గర చెయ్యి పెట్టి వేడి ఎంతుందో చెప్పగలడు గానీ నోరు తెరిచి ఒక మంచి మాట చెప్పలేడు. నాన్న పోయాక మనల్ని పెంచిన మనిషి కాబట్టి ఊరుకున్నాను.

అసలు విషయానికి వస్తాను. దేశమంతా కొత్త రాజ్యాంగం రాసుకుంటోంది, మనమూ ఒకటి రాసుకుందాం అన్నాడు మిక్సర్ దగ్గరి కుర్రాడు. అందరూ చప్పట్లు కొట్టి, తర్వాత నా మొహం చూశారు. నాకేం తెలుసు? నువ్వైతే రాజ్యాంగ సభ ఆఫీసులోనే కూర్చుని ఉన్నావు. అది దేనికో కాస్త చెప్పు. చట్టాలు ఎటూ ఉన్నాయి, పోలీసులున్నారు, కోర్టులున్నాయి. మళ్ళీ ఇదెందుకు? మొదట ఏం రాయాలి, చివర ఏం రాయాలి?

ఫోన్ మాత్రం చెయ్యకు. ఫోన్లో నా మాట సగంలోనే కోసేస్తావు. ఉత్తరమైతే చివరిదాకా వినక తప్పదు.

నీ తమ్ముడు


రాజ్యాంగ సభ కార్యాలయం,
ముసాయిదా విభాగం, కిటికీ పక్క బల్ల

అధ్యక్షుల వారి దివ్య సముఖానికి,

నవ్వాను. తప్పేముంది? బట్టలకు పిండి అంటుకోకుండా ఒక్కరోజూ ఇంటికి రాలేనివాడివి, సంఘం నడుపుతావట. నవ్వయ్యాక గర్వంగా కూడా అనిపించింది. రెండోది బాబాయికి చెప్పకు.

ఇక్కడ నేనేదో దేశం తలరాత రాస్తున్నానని ఊళ్ళో చెబుతున్నావేమో. నా పని పోల్చి చూడడం. నిన్నటి ప్రతిని మా జట్టు మనిషి పైకి చదువుతుంది, నేను ఇవాళ్టి ప్రతిలో వేలు పెట్టుకుని వింటాను. ఎక్కడ ఒక మాట మారినా, ఒక కామా జారినా గుర్తు పెడతాను. సాయంత్రానికి చెవులు గింగురుమంటాయి. కానీ ఇన్నాళ్ళుగా వింటూ వింటూ నాకు అర్థమైంది చెబుతాను.

చట్టం నిన్నూ నన్నూ కట్టేస్తుంది. చట్టం చేసేవాళ్ళను కట్టేసేది రాజ్యాంగం. అందుకే అది వేరుగా, పైన ఉండాలి. మీ సంగతే తీసుకో. రేపు నీకు కళ్ళు నెత్తికెక్కాయనుకో (ఎక్కుతాయి, నాకు తెలుసు), నిన్ను ఆపేది ఏదో ఒకటి నీకంటే ముందే రాసి ఉండాలి కదా?

మొదట మీరెవరో, ఎందుకు కలిశారో రెండు ముక్కలు రాసుకోండి. మా దగ్గర దాన్ని ప్రవేశిక అంటారు. ఆ తర్వాత హక్కులు, అంటే ఎంతమంది చేతులెత్తినా ఒక మనిషి నుంచి లాక్కోకూడనివి. పిమ్మట ఎవరి పని ఏదో చెప్పాలి. నియమాలు పెట్టేవాళ్ళు, వాటి ప్రకారం నడిపేవాళ్ళు, తేడా వస్తే తగవు తీర్చేవాళ్ళు వేరువేరుగా ఉండాలి. నువ్వే నియమం పెట్టి, నువ్వే నడిపి, నువ్వే తీర్పు చెబితే ఇక మిగతావాళ్ళు అక్కడ ఉండి ఏం లాభం? ఆఖరున, రాసినదాన్ని మార్చాలంటే ఎలా మార్చాలో రాయండి. మరీ సులువైతే గాలికి పోతుంది, మరీ కష్టమైతే పీకకు చుట్టుకుంటుంది.

నాకు ఇష్టమైన వాక్యం ఒకటుంది. దాని మీద సభలో వారం పాటు అరుచుకున్నారు. "తన మాట వినిపించే అవకాశం ఇవ్వకుండా ఎవరి హక్కునూ, ఉద్యోగాన్నీ, జీవనాధారాన్నీ తొలగించరాదు." ఇది మీరూ రాసుకోండి. వినేవాళ్ళు మాత్రం తీసేద్దాం అన్నవాళ్ళు కాకూడదు. అది మరవకు.

బాబాయికి జ్వరం తగ్గిందా? కిందటి నెల ఫోన్లో గొంతు నీరసంగా ఉంది.

అక్క


బేకరీ,
బండ్లు వెళ్ళిపోయాక

అక్కా,

రాసేశాం! ఇంత పెద్ద గొడవ ఈ బేకరీ గోడలు ఎప్పుడూ విని ఉండవు.

ప్రవేశిక దగ్గరే బండి ఆగింది. "బ్రెడ్డు చేసేవాళ్ళమైన మేము" అని మొదలుపెట్టాను. బండ్లవాళ్ళు లేచి, "మేం చెయ్యం, వేస్తాం. అంటే మేం మనుషులం కాదా?" అన్నారు. "చేసి వేసేవాళ్ళమైన మేము" అన్నాను. ప్యాకింగ్ దగ్గర మేమంతా పిన్ని అని పిలిచే ఆవిడ, "మరి కట్టేది నీ తాతా?" అంది. చివరికి "ఈ పొయ్యి వెచ్చదనం మీద బతికే మేమందరం" అని రాశాం. దానికి మాత్రం ఎవరూ వంక పెట్టలేదు. అక్కా, నాకెందుకో ఒళ్ళు జలదరించింది. మనం ఎవరో మనమే చెప్పుకోవడానికి ఇంత తిప్పలు పడాలా అనీ అనిపించింది.

హక్కులు రాశాం. నీ వాక్యం ఉన్నదున్నట్టు పెట్టాం. తగవు వస్తే సంఘం నడిపే కమిటీలో లేనివాళ్ళ నుంచి చీట్లు తీసి ముగ్గుర్ని కూర్చోబెట్టాలని రాశాం. ఇక ఊపులో ఉన్నాం కదా, మిగతావీ వదల్లేదు. టీ ఎప్పుడు తాగాలి, ఏప్రన్లు ఏ మేకుకు తగిలించాలి, బస్తా పిండికి ఉప్పు ఎంత వెయ్యాలి, అన్నీ ఎక్కించేశాం. ఉప్పు గురించి పగటివాళ్ళకూ రాత్రివాళ్ళకూ ఏనాటి నుంచో తగాదా. ఇప్పుడు రాజ్యాంగంలోనే ఉంది కాబట్టి పీడా పోయింది. ఎవరూ వేలు పెట్టకుండా, ఏది మార్చాలన్నా అందరూ ఒకేచోట కూర్చుని నాలుగింట మూడొంతుల మంది ఒప్పుకోవాలని ముగించాం. పొయ్యి ఎప్పుడూ ఆరదు కదా, అందరం ఒకేసారి కూర్చునేది ఎప్పుడు? అంటే మా రాజ్యాంగం రాయిలా ఉంటుందన్నమాట.

బాబాయి లేచాడు. జ్వరం తగ్గింది, కాస్త చిక్కాడు. అన్నం దగ్గర మాత్రం కెలికి వదిలేస్తున్నాడు. మా రాజ్యాంగం చదివి వినిపిస్తే పెదవి విరిచి వెళ్ళి పిండి కలుపుకున్నాడు.

మీ రాజ్యాంగం ఎక్కడిదాకా వచ్చింది?

నీ తమ్ముడు


రాజ్యాంగ సభ కార్యాలయం,
కింది అంతస్తు, పాత కాగితాల గది

ఒరేయ్,

ప్రవేశిక చదివి మా జట్టు మనిషికి ఫోన్ చేసి వినిపించాను. తను రెండుసార్లు చదివించుకుంది. ఆ తర్వాత ఉప్పు దాకా వచ్చేసరికి ఇద్దరం పొట్ట పట్టుకున్నాం.

రాజ్యాంగంలో ఉప్పెందుకురా? పిండి మారుతుంది, వాన పడితే గాలి మారుతుంది, కొనేవాళ్ళ నాలుక మారుతుంది. రోజూ మారేదాన్ని ఎన్నటికీ మారనిదానిలో పెడితే ఎలా? అది మామూలు నియమంగా ఒక పలక మీద రాసి గోడకు తగిలించాల్సింది. ఉప్పు ఎంతో నిర్ణయించే హక్కు ఎవరిదో మాత్రం రాజ్యాంగంలో రాయాలి. ఎంత అన్నది వాళ్ళు చూసుకుంటారు. తొందరగా తీసెయ్యి, లేకపోతే అది మీ పీకకే చుట్టుకుంటుంది.

ఇక్కడ పని పర్వాలేదు. నా బల్ల మార్చారు. కొత్త గదిలో కిటికీ లేదు గానీ చల్లగా ఉంటుంది. పని కూడా తగ్గింది. పాత ప్రతులు కట్టలు కట్టి అరల్లో సర్దడమే. ఎప్పటి నుంచో చెవులకు విశ్రాంతి కావాలి అనుకుంటున్నానుగా, దొరికింది.

బాబాయి అన్నం ఎందుకు వదిలేస్తున్నాడో అడిగావా?

అక్క


బేకరీ వెనక గది

అక్కా,

నువ్వన్నట్టే అయింది. ఎగతాళి చెయ్యకు, ఇప్పుడు నాకు నవ్వే ఓపిక లేదు.

పిండి వచ్చే మిల్లు మారింది. కొత్త పిండికి పాత ఉప్పు చాలలేదు. బ్రెడ్డు చప్పగా వస్తోందని వీధంతా గోల. మారుద్దామంటే అందరూ ఒకచోట కూర్చోవాలి, కూర్చోవాలంటే పొయ్యి ఆర్పాలి, ఆర్పడానికి ఎవరూ ఒప్పుకోరు. మా రాయి మా కాలి మీదే పడింది.

ఇంతలో ఒక్కసారిగా బ్రెడ్డు ఉప్పు కషాయం అయిపోయింది. ఆసుపత్రి నుంచి ట్రేలు ట్రేలు తిప్పి పంపారు, ఇక మీ దగ్గర తీసుకోం అన్నారు. అంత పెద్ద గిరాకీ మాకు ఇంకొకటి లేదు, అది పోతే మూసుకోవడమే. ఎవరి పనో తెలిసిపోయింది. పిండి కలిపే తొట్టి దగ్గర ఒక పనివాడు ఎవరికీ చెప్పకుండా దోసిళ్ళతో ఉప్పు కలుపుతుంటే ఇద్దరు చూశారు. అడిగితే కాదనలేదు, అవుననలేదు, తిట్టి వెళ్ళిపోయాడు. రాజ్యాంగాన్నే కాలదన్నాడు కాబట్టి ఇవాళే తీసెయ్యాలని అందరూ నా చుట్టూ మూగారు. నిజం చెప్పాలంటే నాకూ ఒళ్ళు మండిపోతోంది.

మధ్యలో నీ వాక్యం అడ్డొస్తోంది. ముగ్గుర్ని కూర్చోబెట్టాలి, వినాలి. కళ్ళారా చూసిన దాని గురించి వినేది ఏముంటుంది? పెద్ద రాజ్యాంగాల్లో అత్యవసర పరిస్థితి అని ఏదో ఉంటుందటగా. అధ్యక్షుడు అలా ప్రకటించి, కొన్నాళ్ళు ఆ వాక్యాన్ని పక్కన పెట్టొచ్చా? మాది మామూలు అవసరం కాదు. వెంటనే రాయి.

నీ తమ్ముడు


పాత కాగితాల గది

తమ్ముడూ,

పెట్టకూడదు.

అత్యవసరం అనేది ఇల్లు అంటుకున్నప్పటి మాట. నీకు ఒళ్ళు మండింది, ఇల్లు కాదు. అందరూ ఒప్పుకునే రోజున ఆ వాక్యంతో ఎవరికీ పని లేదు. మంచివాణ్ణి, నీకు నచ్చినవాణ్ణి ఎటూ నువ్వే కూర్చోబెట్టి వింటావు. అందరూ మూగి, అందరికీ మండి, నీకూ మండిన ఇలాంటి రోజు కోసమే అది రాసింది. ఇవాళ పనికిరాకపోతే చింపి పొయ్యిలో వెయ్యి.

కళ్ళారా చూశారు, నిజమే. చెయ్యి ఉప్పులో పడడం చూశారు. ఎందుకు పడిందో చూశారా?

అడగకుండా పక్కన పెట్టేస్తే మనిషికి ఎలా ఉంటుందో నీకు తెలియదు. తప్పు చేశావని తిట్టినా భరించొచ్చు. నీతో మాట్లాడాల్సిన పనే లేదన్నట్టు నీ ముందు నుంచే కాగితాలు పట్టుకుని నడిచి వెళ్తుంటే, చెప్పాల్సిన మాట గొంతులోనే తిరుగుతూ ఉంటుంది. అన్నం సయించదు. బస్సులో కిటికీ వైపు తిరిగి ఎవరికో జవాబు చెప్పుకుంటూ ఉంటావు.

ఇంకొక మాట. ఆ పనివాడు ఎవరో నువ్వు రాయలేదు. బాబాయిని ఒక్క ముక్కైనా తిట్టకుండా నువ్వు ఉత్తరం ముగించడం ఇదే మొదటిసారి.

నిజం రాయి.

అక్క


బేకరీ,
ఆరిన పొయ్యి ముందు నుంచి

అక్కా,

బాబాయే.

రాయడానికి చెయ్యి రాలేదు. నువ్వు ఆయన పక్షాన చేరతావని కాదు. నేను ఎవరి పక్షాన ఉన్నానో నీకు తెలిసిపోతుందని. చిన్నప్పటి నుంచీ మా ఇద్దరికీ ఉప్పూ నిప్పే కదా. ఆయన్ని పంపించే అవకాశం కాళ్ళ దగ్గరికి వచ్చేసరికి, అక్కా, లోపల ఎక్కడో సంతోషం కూడా వేసింది. నీ ఉత్తరం చదివాక ఆ సంతోషాన్ని చూసి నాకే భయమేసింది.

చీట్లు తీశాం. ప్యాకింగ్ పిన్ని, గేటు దగ్గరి ముసలాయన, ఒక బండి కుర్రాడు వచ్చారు. నన్ను గదిలోంచి బయటికి పొమ్మన్నారు. నేను అధ్యక్షుణ్ణి అన్నాను. "అందుకే పొమ్మంటున్నాం" అంది పిన్ని. తలుపు దగ్గర నిలబడి వింటానని బతిమాలుకుంటే సరే అన్నారు, నోరు తెరవకూడదన్న షరతు మీద.

బాబాయి మొదట రానన్నాడు. ఈడ్చుకొస్తే వస్తానన్నాడు. చివరికి వచ్చి కూర్చుని నన్ను తిట్టాడు. నా చిన్నప్పటి నుంచీ మొదలుపెట్టి వరసగా తిట్టాడు, నాకే గుర్తులేనివి కొన్ని ఉన్నాయి. వాళ్ళు ఆపలేదు. తిట్టడానికి ఇంకేమీ మిగలక ఆయనే ఆగాడు. అప్పుడు పిన్ని నెమ్మదిగా, "అన్నయ్యా, ఉప్పు ఎందుకు వేశావు?" అని అడిగింది.

"చాలలేదు, వేశాను" అన్నాడు.

"ఎంత వేశావు?"

"చాలినంత."

పిన్ని లేచి రెండు ముక్కలు తెచ్చింది. ఒకటి చప్పటిది, ఒకటి ఆసుపత్రి వాళ్ళు తిప్పి పంపింది. రెండూ ఆయన ముందు పెట్టి, ఏది ఏదో చెప్పమంది. బాబాయి ఒకటి నమిలాడు. రెండోది నమిలాడు. మళ్ళీ మొదటిది తీసుకున్నాడు. పిన్ని మొహం వంక చూశాడు, ఆమె మొహంలో జవాబు ఏమన్నా దొరుకుతుందేమోనని. అక్కా, మనల్ని చిన్నప్పుడు లెక్కలు అడిగినప్పుడు మనం అలాగే కదా ఆయన మొహం చూసేవాళ్ళం.

"తెలియట్లేదమ్మా" అన్నాడు. "జ్వరం వచ్చి పోయిన దగ్గర్నుంచి నాలుక చచ్చిపోయింది. ఏది తిన్నా అట్టముక్కే. అందరూ చప్పగా ఉంది అంటున్నారు, వేశాను. సరిపోయిందో లేదో తెలియలేదు, ఇంకాస్త వేశాను. చెబితే పొయ్యి దగ్గర నుంచి లేపేస్తారు. అక్కడ నుంచి లేస్తే నేనెక్కడికి పోవాలి?"

నేను తలుపు దగ్గర్నుంచి లోపలికి వెళ్ళిపోయాను. షరతు గుర్తు లేదు. ఆయన పక్కన కూర్చుని ఏడ్చాను. "అధ్యక్షుడు ఏడవకూడదని రాసుకోలేదా మీ రాజ్యాంగంలో?" అన్నాడు. ఆయన కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి.

రోజూ పక్కపక్కనే కూర్చుని తింటున్నాం, ఆయన ఎందుకు వదిలేస్తున్నాడో ఒక్కరోజూ అడగలేదు నేను. నువ్వు అంత దూరం నుంచి అడిగావు.

ముగ్గురూ తీర్పు చెప్పారు. ఎవరికీ చెప్పకుండా ఉప్పు కలపడం తప్పే. ఇక తొట్టి జోలికి వెళ్ళకూడదు. పొయ్యి మూతి మాత్రం ఆయనదే, చేతికి వేడి తెలుస్తున్నంత కాలం. నేనూ, పిన్నీ ఆసుపత్రికి వెళ్ళి జరిగింది చెప్పి, క్షమించమని అడిగి, కొత్త బ్రెడ్డు ఇచ్చి వచ్చాం. చూద్దాం అన్నారు.

తర్వాత, అందరం కూర్చోవడానికి పొయ్యి ఆర్పాం. నేను పుట్టాక అది ఆరడం చూడలేదు. చల్లారిన పొయ్యి మీద బాబాయి చెయ్యి పెట్టి కాసేపు అలాగే నిలబడ్డాడు. అన్ని డ్యూటీలవాళ్ళూ ఒకరినొకరు కొత్తవాళ్ళను చూసినట్టు చూసుకున్నారు. ఉప్పు తీసేశాం, టీ తీసేశాం, మేకులు తీసేశాం. ఇప్పుడు మా రాజ్యాంగం ఒక్క కాగితానికి వచ్చింది. నీ వాక్యం తీద్దామని ఒక్కరూ అనలేదు.

ఇక నీ వంతు. నీ గదికి కిటికీ ఎందుకు లేదు? బస్సులో ఎవరికి జవాబు చెప్పుకుంటున్నావు?

నీ తమ్ముడు


పాత కాగితాల గది,
తలుపు తీసి పెట్టుకుని

తమ్ముడూ,

నీ ఉత్తరం పట్టుకుని అరల మధ్య నేల మీద కూర్చుండిపోయాను. బాబాయి మొహం కళ్ళ ముందు నుంచి పోవడం లేదు. ఆయనకు మంచి డాక్టర్ని చూపించు, వద్దని అరుస్తాడు, అరవనీ.

అడిగావు కాబట్టి చెబుతాను. ఒకరోజు ప్రతులు పోల్చుతుంటే ఆ వాక్యం కనపడలేదు. జట్టు మనిషి చదివింది, నా వేలి కింద అది లేదు. పొరపాటేమో అని మా పై అధికారిని అడిగితే, నిడివి తగ్గించడానికి తీసేశాం, కావాలంటే రేపు చట్టంలో పెట్టుకుంటారు అన్నాడు. సభ్యులకు చెప్పారా అంటే, అది నీ పని కాదన్నాడు. ఆయన్ని దాటి పైకి వెళ్ళకూడదని మా ఆఫీసు నియమం. నేను దాటాను. ఒక చీటీ రాసి సభ్యుల ఫైల్లో పెట్టాను. మర్నాడు నా బల్ల ఇక్కడ ఉంది. ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. చీటీ ఏమైందో కూడా తెలియలేదు.

నన్ను ఎక్కువగా తినేసింది ఇంకొకటి. రోజూ మారేది రాజ్యాంగంలో వద్దు, మామూలు నియమంగా పెట్టుకో అని ఉప్పు గురించి నీకు నేనే రాశాను కదా. ఆయనా అదే మాట అన్నాడు. మరి తేడా ఏమిటి? నేనే తప్పేమో అని అరలు సర్దుతూ రోజుల తరబడి ఆలోచించాను. జవాబు నీ ఉత్తరంలో దొరికింది. ఉప్పు తేడా వస్తే అందరూ అరుస్తారు, మర్నాడే మారుతుంది. వినడం అనేది పోతే, పోగొట్టుకున్నవాడు ఒక్కడే ఉంటాడు, వాడి అరుపు వినేవాళ్ళు ఉండరు. దాన్ని మళ్ళీ తెచ్చేంత మంది వాడి వెనక ఎప్పుడూ ఉండరు. అందుకని అది ఎంతమంది చేతులకూ అందని చోట ఉండాలి.

ఇది అర్థమయ్యాక ఊరుకోలేకపోయాను. మెట్లెక్కి ముసాయిదా సంఘం అధ్యక్షురాలి తలుపు కొట్టాను. "నా మాట ఎవరూ వినలేదు, మీరు వినాలి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి కూర్చోమంది. నా చీటీ ఆవిడ దాకా చేరనేలేదట. వాక్యం పోయిందని కూడా తెలియదట. బాబాయి సంగతి కూడా చెప్పేశాను, ఊరూ పేరూ లేకుండా. కోప్పడకు. రెండు ముక్కల బ్రెడ్డు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కలం పక్కన పెట్టేసింది.

ఏమీ మాటివ్వలేదు. సభ ముందు పెడతాను, ఉంచాలో వద్దో వాళ్ళిష్టం అంది. నియమం దాటినందుకు నన్ను కూడా విచారిస్తారట. విచారించనీ. అడుగుతారుగా, చాలు. ఇన్నాళ్ళకు కడుపు నిండా తిన్నాను.

అక్క


బేకరీ,
బోర్లించిన ట్రే మీద నుంచి

అక్కా,

ఇవాళ పేపర్లో మొత్తం రాజ్యాంగం అచ్చేశారు. పొద్దున్నే బండ్లవాళ్ళు తెచ్చారు. బండ్లు ఆలస్యమైనా సరే చదవాల్సిందే అన్నారు. ట్రే బోర్లించి దాని మీద నన్ను ఎక్కించారు.

ప్రవేశిక చదివాను. మాదే బాగుంది అంది పిన్ని. హక్కుల్లోకి వచ్చాను. వేలు పెట్టుకుని వెతికాను, నువ్వు వెతికినట్టే. ఉంది అక్కా. ఒక్క మాట కూడా పోలేదు. పైకి చదివాను. పొయ్యి దగ్గర్నుంచి బాబాయి, "మళ్ళీ చదువు" అన్నాడు. చదివాను. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి చదివేటప్పుడు మిగతావాళ్ళంతా నాతో పాటు అన్నారు.

డాక్టరు మాత్రలిచ్చాడు, నాలుక రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. ఆసుపత్రి వాళ్ళు సగం ఆర్డరు మళ్ళీ ఇచ్చారు. నీ విచారణ ఏమైందో వెంటనే రాయి. కిటికీ ఇచ్చారా?

చదవడం అయ్యాక బాబాయి చేతులు దులుపుకుంటూ వచ్చాడు. పేపరు తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇంత పెద్దది రాశారు, ఇందులో ఉప్పు గురించి ఎక్కడన్నా ఉందా?" అన్నాడు.

లేదు బాబాయ్ అన్నాను.

"అయితే మీ అక్క దగ్గరుండి చూసుకుంది. బాగా చేసింది" అన్నాడు.

విన్నావా? బాగా చేసింది అన్నాడు. ఇంతమంది సాక్షులున్నారు.

నీ తమ్ముడు